పై మనిషి చెయ్యి

నాకు మేనకోడలి వరసయ్యే గంగాలమ్మ చేత నా రెండు చేతులూ నా పైట చెంగుతోనే కట్టించుకున్నాను. అదేమో వల ముడి వేసింది, లాగితే బిగుసుకునే ముడి, వేసి రెండుసార్లు లాగి చూసి, ఇంక ఈగని తోలాలన్నా నువ్వు నన్నే అడగాలి అత్తా అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు. చేపల తట్ట బోర్లించి దాని మీద కూర్చున్నాను, మెరక సరిగ్గా సగంలో, కింద బీచి రోడ్డు, దాని అవతల మా జాలారిపేట కప్పులు, ఆ అవతల సముద్రం. ఇవాళ దాని వంక చూడనని అనుకునే వచ్చాను, కానీ రోడ్డు కూడా అటే ఉంది, ఏం చెయ్యను, రోడ్డు చూడాలంటే దాన్నీ చూడాలి. పొద్దున్న విజయనగరంలో బయల్దేరారట, భీమిలి మీదుగా సముద్రం పక్కనే వచ్చి, ఇదిగో ఇక్కడ మలుపు తిరిగి, ఈ మెరక ఎక్కి, చినవాల్తేరు పైన గ్రౌండులో సున్నంతో గీసిన గీత దాటితే నాలుగు రోజుల సైకిలు పందెం అయిపోయినట్టే. నా మనవడు దొరబాబు అందులో ఉన్నాడు, నా కూతురి కొడుకు. వాడు నిన్న సాయంత్రం కబురు కూడా పెట్టాడు, అమ్మమ్మని రావద్దని చెప్పండి, వస్తే ఇంట్లో అన్నం తినను అని. అందుకే చేతులు కట్టించుకున్నాను. రాకుండా ఎలా ఉంటాను, రావద్దన్నాడని రాకుండా ఉండే కాళ్ళు నాకు దేవుడివ్వలేదు.

ఎండ ఇంకా నెత్తి మీదికి రాలేదు గానీ తారు అప్పుడే వాసనేస్తోంది. ఈ వాసన వాడి చొక్కాకి ఎప్పుడూ ఉండేది, తారూ, చేపలూ, చెమటా, మూడూ కలిసి. వాడికి సైకిలు ఎవరూ నేర్పలేదు, ఐసు నేర్పింది. హార్బరులో తెల్లారకుండానే తట్టలో కవళ్ళ చేపలూ కానగంతలూ పోసుకుని, మీద ఐసు పలుకులు చల్లి, గోనెపట్టా కప్పి, వెనక్కి కట్టుకుని పద్మనాభం దాకా తొక్కేవాడు. ఐసు కరిగిపోయేలోపు ఊళ్ళోకి వెళ్ళిపోవాలి, కరిగితే చేప కళ్ళు తెల్లబడతాయి, ఆ ఊరి ఆడవాళ్ళు చేప కళ్ళే చూస్తారు, మన కళ్ళు చూడరు. తట్ట ఆనిన వీపు వెంట ఐసు నీళ్ళు కారుతుంటే తొక్కేవాడు, ఆ నీళ్ళు ఎంతవరకు దిగాయో చూసుకుని ఇంకా ఎంత జోరుగా వెళ్ళాలో తెలుసుకునేవాడు. గంగాలమ్మ కొడుకు ఎల్లాజీదీ అదే పని, ఇంకో ఇద్దరు మా పేట కుర్రాళ్ళదీ అదే. రోజూ ఒకణ్ణి మించి ఒకడు పోటీలు పడి తొక్కీ తొక్కీ, పెందుర్తి రోడ్డులో బస్సుల్ని దాటీ దాటీ, చివరికి నలుగురూ ఒక జట్టయ్యారు, నీలం చొక్కాలు కుట్టించుకున్నారు. సైకిళ్ళకి మడ్గార్డులు పీకేశారు, స్టాండులు పీకేశారు, చేపల తట్ట పెట్టుకునే క్యారేజీలు కూడా పీకేసి మా ఇంటి మూల పడేశారు, నేను అవి చూసి, ఒరే రేపు తట్ట ఎక్కడ కడతారురా అని మొత్తుకున్నాను. ఎల్లాజీ నవ్వి, ఇకమీదట తట్ట కట్టే పని లేదు, మా దొరబాబు బావ ఫ్యాక్టరీ మనిషి అవుతాడు అన్నాడు. ఆ మాట అప్పుడు గాలి మాటే అనుకున్నాను.

గాలి మాట కాదు. పందెం పెట్టింది గాజువాక అవతల కొత్తగా వచ్చిన ఒక ఫ్యాక్టరీ వాళ్ళు, మొదటి ముగ్గురికి ఉద్యోగాలు ఇస్తామన్నారు, గేటులోపల పని, తడి తగలని పని. జట్టు అయితే నలుగురు గానీ ఉద్యోగం మనిషికే. అప్పుడు వాళ్ళలో వాళ్ళు ఒక మాట అనుకున్నారు, వల లాగే వంతు పెట్టుకున్నట్టే, ఈ ఏడు దొరబాబు వంతు, పై ఏడు ఎల్లాజీది అని. ముగ్గురు ముందు తొక్కుతూ గాలికి అడ్డు కాస్తారట, వీణ్ణి వెనక దాచుకుని తెస్తారట, చివర్లో వదులుతారట. ఈ ఏడు వాడికే ఎందుకంటే, వాడికి తెప్ప కాచుకుని కూర్చుంది. నా పెద్ద కొడుకు వీరన్నకి తెప్ప మీద ఒక మనిషి తక్కువ, ఈ పందెం మోజు తీరాక మేనల్లుడు నా వెంట వచ్చెయ్యాల్సిందే అని వాడు పండక్కి ముందే ఖరారు చేసేశాడు. కొడుకుని తప్పు పట్టలేను, మనిషి లేకుండా తెప్ప ఎలా వేస్తాడు. కొడుకుని సముద్రం మీదికి వెళ్ళకుండా ఆపలేకపోయాను, వాడు వెళ్ళిన ప్రతి రోజూ గంజి గొంతు దిగదు నాకు. ఇంకొకడు కూడానా. ఒక్కడైనా నేల మీద ఉండాలి కదా, ఒక్కడు, సాయంత్రం ఏ వేళకి వస్తాడో తెలిసినవాడు.

మరి మొదటి రోజే నేను ఆ పని చేశాను. మొదటి రోజు పందెం ఊళ్ళోనే, బీచి రోడ్డు వెంట చుట్లు తిరిగి ఈ మెరకే ఎక్కారు. మా పేట అంతా ఇక్కడే నిలబడ్డాం. మాకు ఒక అలవాటుంది, తెప్ప ఒడ్డుకొస్తుంటే ఎవరూ నిలబడి చూడరు, ఎవరి తెప్పయినా సరే, పేచీలున్న వాళ్ళ తెప్పయినా సరే, ఒడ్డున ఉన్న చెయ్యి దాని మీద పడాల్సిందే, ముసలాళ్ళూ పిల్లలూ తోస్తారు, చంకలో బిడ్డ ఉంటే ఒక చేత్తో తోస్తారు. తోయకుండా చూసినవాణ్ణి మా పేటలో మనిషిగా లెక్కపెట్టరు. దొరబాబు మెరక సగానికి వచ్చాడు, ముక్కుతూ, పళ్ళు బిగించి, అందరికన్నా ముందున్నాడు, నా ముందు నుంచి వెళ్తున్నాడు. చెయ్యి దానంతటదే వెళ్ళింది. వాడి వీపు మీద వేసి నాలుగడుగులు పరిగెత్తి తోశాను. ఈల ఊదారు. నాకోసం అనుకోలేదు. జీపులోంచి తెల్ల ప్యాంటూ తెల్ల చొక్కా ఆయన దిగాడు, గురునాథరావు గారని అంపైరు, చెడ్డ మనిషి కాదు, కోప్పడలేదు, పై మనుషులు చెయ్యి వెయ్యకూడదమ్మా, రూలు, అన్నాడు. నేను చుట్టూ చూశాను, పై మనిషి ఎవరా అని.

"పై మడిసెవులు బాబూ, నాను ఆడి అమ్మమ్మని."

ఆయన నవ్వాపుకున్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు ఆపుకోలేదు. కానీ రూలు రూలే, దొరబాబు లెక్కకి ఒక నిమిషం కలిపారు, ఇంకోసారి చెయ్యి తగిలితే పేరు కొట్టేస్తామని కూడా చెప్పారు. నిమిషమంటే ఎంతరా అని ఎల్లాజీని అడిగాను. ఒక కెరటం వచ్చి విరిగి, వెనక్కిపోయి, ఇంకోటి వచ్చి, ఇంకోటి వచ్చి, అలా లెక్కెట్టు అమ్మమ్మా, గుప్పెడు కెరటాలు అన్నాడు. అంతేనా అనిపించింది అప్పుడు. దొరబాబు నాకేసి చూడలేదు. అందరికన్నా ముందున్నవాడు ఆ నిమిషంతో ఎక్కడికో వెనక్కి పోయాడు. ఆ రాత్రి నాతో ఒక్క మాటే అన్నాడు, నన్ను నువ్వే తెప్ప మీదికి తోసేశావే అని. కోపంగా కూడా అనలేదు, కోపంగా అంటే బాగుండేది.

ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. వాడికి తెలియదు. మా ఇంటాయన వెళ్ళిన రోజు తెప్ప తడి ఇసుకలో కూరుకుపోయింది, అందరూ తోశారు, కదల్లేదు, నేను బుట్ట పక్కన పెట్టి వెళ్ళి వెనక దుంగ చివర అరచెయ్యి ఆనించాను, అంతే, కదిలింది, నా చేతిలోంచే జారి నీళ్ళలోకి వెళ్ళింది. వెళ్ళేవాళ్ళని వెనక్కి పిలవకూడదు, ఎప్పుడొస్తారని అడగకూడదు, అందుకని నోరు మూసుకుని నిలబడ్డాను. తర్వాత దుంగలే వచ్చాయి, కట్లు ఊడి, ఒక్కోటీ ఒక్కోచోట. వెనక దుంగ నాకు తెలుసు, చివర నా అరచెయ్యి పెట్టిన చోట ఒక బొడిపె ఉంటుంది. దాన్ని ఇంటికి తెచ్చుకుంటానంటే ఎవరూ ఒప్పుకోలేదు. ఇవన్నీ ఇప్పుడెందుకు, ఎండలో కూర్చుంటే ఇలాగే వస్తాయి, చేతులు ఖాళీగా ఉంటే ఇంకా వస్తాయి, ఇప్పుడైతే చేతులు కట్టేసి ఉన్నాయి కదా, చీర కుచ్చిళ్ళు సర్దుకోవడానికి కూడా లేదు, ముక్కు మీద చెమట చుక్క అలాగే నిలబడింది.

పోయిన ఆ నిమిషంలో శ్రీకాకుళం రోడ్డులో వాడు కొంత లాగాడట, అరకు ఘాటీలో చాలా లాగాడట, చలికి మిగతావాళ్ళ కాళ్ళు పట్టేస్తే వీడు ఐసు నీళ్ళకి అలవాటుపడ్డ వీపు కదా, ఎక్కేశాడట. నిన్న సాయంత్రానికి మూడోవాడయ్యాడని కబురు. మూడోవాడు అంటే ఉద్యోగం ఉన్నట్టే, కానీ నాలుగోవాడు అనకాపల్లి కుర్రాడట, పచ్చ చొక్కా, వాడికీ వీడికీ మధ్య ఒక్క కెరటం తేడా అట. ఒక్క కెరటం. మా పేట వాళ్ళకి తెలుసు ఒక్క కెరటం అంటే ఏమిటో. నా చెయ్యి పడకుండా ఉంటే ఈపాటికి గుప్పెడు కెరటాలు ఎక్కువుండేవి. గంగాలమ్మ పక్కన నిలబడి, పచ్చ చొక్కావాడి టైరు పేలిపోవాలని పైడితల్లికి మొక్కేసింది, మళ్ళీ లెంపలేసుకుంది, వాడూ ఎవరో కన్నబిడ్డే అంది. అదీ ఉండబట్టలేకే ఉంది, దాని కొడుకూ ఆ దారినే కదా వస్తున్నాడు. ఎల్లాజీ సైకిలు ముందు చక్రానికి అది ఎర్ర గుడ్డ పీలిక కట్టింది, అమ్మవారి గుళ్ళోది, పుల్లల మధ్య. తిరిగేటప్పుడు ఎర్రటి చుట్టలా కనబడుతుంది.

మెరక కింద ఒక లారీ ఆగింది. క్లీనరు దిగి టీ కొట్టు దగ్గర ఏదో చెబుతున్నాడు, చేతులు ఊపుతున్నాడు, కింద పడ్డట్టు చూపిస్తున్నాడు. చేతులు ఊపే మనిషిని ఒడ్డున చూశానంటే నా ఒళ్ళు చల్లబడుతుంది, ఇన్నేళ్ళయినా అంతే. గంగాలమ్మ పరిగెత్తింది. నేను లేవబోయాను, చేతులు లేకుండా లేవడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది, తట్ట జారిపోయింది, మళ్ళీ కూలబడ్డాను. అది తిరిగి వచ్చేసరికి దాని ముఖం మారిపోయింది. తిమ్మాపురం దగ్గర గాలికి రోడ్డు మీద ఇసుక మేట వేసిందట, నీలం చొక్కాలు ఇద్దరు పడ్డారట, ఒకడు లేచి వెళ్ళాడట, ఒకడు రోడ్డు పక్కన కూర్చున్నాడట, వాడి పక్కన సైకిలుకి ముందు చక్రం లేదట.

"ఎవులే?"

"తెల్దంట అత్తా. నీలం సొక్కా అన్నాడు, అంతే. మొకం సూడనేదంట."

ఇద్దరం ఒకళ్ళ ముఖం ఒకళ్ళు చూసుకోలేదు. ఎలా చూసుకుంటాం. నావాడు కాకూడదు అనుకుంటే దానివాడు కావాలి. అది నావాడు కావాలని అనుకుంటూ ఉంటుంది, తప్పేముంది, అనుకోకుండా ఉండే తల్లి ఉంటుందా. తెప్పలు రాని రోజుల్లో ఒడ్డున ఇలాగే నిలబడేవాళ్ళం, ఆడవాళ్ళం అందరం ఒక్కచోటే, ఒక్క మాట లేకుండా, అందరం ఒకే మాట లోపల అనుకుంటూ, నాది కాదు నాది కాదు అని. చక్రం ఎందుకు లేదు, చక్రం ఎక్కడికి పోతుంది, సైకిలుకి చక్రం లేకపోవడమేమిటి, రోడ్డు పక్కన కూర్చున్నవాడు కూర్చున్నాడా లేక ఎవరైనా కూర్చోబెట్టారా. క్లీనరు కుర్రాళ్ళు ఏదీ సరిగ్గా చూడరు. ముడి మణికట్టులో దిగుతోంది, నేనే లాగుతున్నానన్నమాట.

అప్పుడు ఈల వినబడింది, ముందు ఒక మోటారు సైకిలు, దాని వెనక మొదటివాడు మలుపు తిరిగాడు, తెల్ల చొక్కా, వాడెవడో బరువు లేనట్టు ఎక్కి వెళ్ళిపోయాడు. కాసేపటికి ఇంకో తెల్ల చొక్కా. ఆ తర్వాత రోడ్డు ఖాళీ. ఖాళీ రోడ్డు ఖాళీ సముద్రం కన్నా పెద్దది. కెరటం ఒకటి విరిగింది, ఇంకోటి. లెక్కపెట్టకూడదు అనుకుంటూ లెక్కపెడుతున్నాను. నీలం. నీలం చొక్కా మలుపు దగ్గర, ఒక్కడే, ఒక పక్కకి ఒరిగి తొక్కుతున్నాడు, ఆ ఒరగడం నాకు తెలుసు, తట్ట బరువుకి ఎడమవైపు ఒరగడం, తట్ట లేకపోయినా పోలేదు వాడికి అది. దొరబాబు. మోచెయ్యి గీరుకుపోయి ఉంది, చొక్కా భుజం దగ్గర చిరిగి ఉంది, కానీ వాడు. అమ్మయ్య అని ఊపిరి తియ్యబోయి, వాడి ముందు చక్రం చూశాను. ఎర్రగా తిరుగుతోంది.

నేను చూశానంటే గంగాలమ్మ చూసే ఉంటుంది. అది కట్టిన పీలికే. రోడ్డు పక్కన కూర్చున్నవాడు ఎల్లాజీ, వీడి చక్రం వంకరపోతే తన చక్రం విప్పి వీడికి ఇచ్చేశాడు, జట్టువాడి చెయ్యి తగలొచ్చు, దానికి రూలు అడ్డు రాదు, పై మనిషి చెయ్యే తగలకూడదు. గంగాలమ్మ కదల్లేదు. దొరబాబు మెరక సగానికి వచ్చాడు, నా దగ్గరికి, మొదటి రోజు నేను తోసిన చోటికే, అక్కడికి వచ్చేసరికి సైకిలు అటూ ఇటూ ఊగుతోంది, పెడలు కిందికి దిగడం లేదు, వాడి కాలు వణకడం నాకు కనబడుతోంది, ఇంక ఆగిపోతాడు, పడిపోతాడు. కింద మలుపు దగ్గర పచ్చ చొక్కా కనబడింది. పచ్చ చొక్కా వెనక జీపు, జీపులో గురునాథరావు గారు, నోట్లో ఈల, కళ్ళు నా మీదే. నా చేతులు వాటంతటవే లేచాయి, రెండూ కలిపి, ముడితో సహా, చేతులకి బుద్ధి ఉండదు, అవి ఒడ్డున పుట్టిన చేతులు. దొరబాబు తల తిప్పాడు. నాలుగు రోజుల్లో మొదటిసారి నా ముఖం చూశాడు.

"ముట్టుకోకే అమ్మమ్మా."

"ముట్టుకోన్రా. సేతులు కట్టీసుకున్నాను, సూడు. నువ్వే ఎక్కాల నాయినా."

చేతుల్ని ఒళ్ళోకి లాక్కుని మోకాళ్ళ మధ్య ఇరికించుకున్నాను. తెప్ప వస్తుంటే తోయకుండా కూర్చున్న మొదటి మనిషిని మా పేటలో నేనే. అప్పుడు గంగాలమ్మ గొంతు వినబడింది. తెప్ప లాగేటప్పుడు వేసే కేక వేసింది, హైలెస అని, గొంతు చీరుకుపోయేలా, దాని కొడుకు ఎక్కడ ఎలా కూర్చున్నాడో తెలియకుండా, నా మనవడి కోసం వేసింది. మొదటి కేక దానిది ఒక్కదానిదే. రెండోదానికి మెరక రెండు పక్కలా నిలబడ్డ మా పేట ఆడవాళ్ళందరూ అందుకున్నారు. ఒక్క చెయ్యి ముందుకి రాలేదు, అందరూ చేతులు పైటల్లో చుట్టేసుకున్నారు, నోళ్ళు మాత్రం తోస్తున్నాయి. అంపైరు గారు ఈల నోట్లోంచి తీసి చేతిలో పట్టుకున్నాడు, నోటికి రూలు ఉందో లేదో ఆయనకీ తెలిసినట్టు లేదు. కేకకి ఒక పెడలు దిగింది. ఇంకో కేకకి ఇంకోటి. అలవాటు వాడికీ ఉంది కదా, ఆ కేక వింటూ పెరిగినవాడే కదా, కేక పడ్డప్పుడు బలం వెయ్యాలని వాడి కాలికి తెలుసు. ఎర్ర గుడ్డ మెల్లగా ఒక చుట్టు, ఇంకో చుట్టు, తర్వాత చుట్లు కలిసిపోయాయి, వాడు మెరక పైకి వెళ్ళి మాయమయ్యాడు. పచ్చ చొక్కా పళ్ళు బిగించి మా ముందు నుంచి వెళ్ళాడు, పాపం వాడికీ చెమటే, వాడు మాయమయ్యాక జీపు మాయమైంది.

తర్వాత ఏమీ కనబడలేదు. పైన గ్రౌండులో గోల వినబడింది, ఎవరికోసమో తెలియదు, గోలకి చొక్కా రంగు ఉండదు. అందరూ పైకి పరిగెత్తారు. నేను కూర్చున్నచోటే ఉండిపోయాను. గంగాలమ్మ కిందికి వెళ్ళింది, లారీ దగ్గరికి, తిమ్మాపురం తీసుకెళ్ళమని క్లీనరుని బతిమాలడానికి. నా ముడి విప్పడం దానికి గుర్తు లేదు, నేను అడగనూ లేదు. ఏ నోటితో అడుగుతాను. చెమట చుక్క ముక్కు మీంచి జారి పైట మీద పడింది. సముద్రం వంక చూశాను, చూడనన్నాను గానీ చూశాను, వీరన్న తెప్ప ఎక్కడో ఉంటుంది, అందులో ఒక మనిషి ఖాళీ ఉంది.

మెరక పైనుంచి ఒకడు సైకిలు నడిపించుకుంటూ దిగుతున్నాడు, కుంటుతూ, ఒక పక్కకి ఒరిగి. వాడు నా దగ్గరికి రాలేదు, ముందు నన్ను దాటి కిందికి వెళ్ళి, గంగాలమ్మకి వినబడేలా పిలిచాడు.

"ఎల్లాజీ బాగున్నాడే అత్తా. మోకాలు సీరుకుంది, అంతే. జీపొకటి ఎనక్కెల్లింది, తెత్తారు. ఆడు ముందు సక్రం ఏదని అడుగుతాడు, సూసుకో."

గంగాలమ్మ రోడ్డు మధ్యలోనే కూర్చుండిపోయింది. అప్పుడు వాడు వెనక్కి వచ్చి నా ముందు గొంతుక్కూర్చున్నాడు. నా చేతులు చూశాడు. ముడి విప్పబోయాడు, వేళ్ళకి రాలేదు, వంగి పళ్ళతో పట్టి లాగాడు, చిన్నప్పుడు చెరుకు ముక్క కొరికినట్టు తల అటూ ఇటూ తిప్పుతూ. వాడి జుట్టు నా ముక్కుకి తగిలింది, తారూ చెమటా, చేపల వాసన ఇంకా పోలేదు. నేను అడగలేదు. వెళ్ళేవాణ్ణి ఎప్పుడొస్తావని అడగకూడదు, వచ్చినవాణ్ణి ఏం తెచ్చావని అడగకూడదు, వాళ్ళే చెప్పాలి. ముడి ఊడింది. వాడు పైట చెంగు అంచుతో నోరు తుడుచుకున్నాడు.

"మావయ్యకి సెప్పు. తెప్పకి ఇంకో మడిసిని సూసుకోమను."

చేతులు తిమ్మిరెక్కిపోయి ఉన్నాయి, మణికట్ల చుట్టూ ఎర్రగా గీతలు. వాటిని ఒళ్ళో పెట్టుకుని చూసుకుంటూ కూర్చున్నాను, ఎవరివో చేతులు చూసినట్టు. వాడు లేచి సైకిలు పట్టుకున్నాడు, రెండడుగులు వేశాడు, ఆగిపోయాడు. దిగుడే, అయినా కాళ్ళు నడవడం లేదు వాడివి. వెనక్కి తిరగకుండానే అన్నాడు.

"తొయ్యే అమ్మమ్మా. ఇప్పుడు తోస్తే ఎవులూ ఏటీ అన్రు."

తట్ట నెత్తిన పెట్టుకుని వెళ్ళి, చిరిగిన చొక్కాలోంచి వాడి వీపు మీద అరచెయ్యి ఆనించాను. తడిగా ఉంది, ఉప్పగా ఉంటుంది, తెలుసు. తోశాను.